కొర్రీల సారు తీరయాత్ర

మా బావ ముప్పై నాలుగేళ్ళు రోడ్ల శాఖ పెద్దాఫీసులో పనిచేశాడు. ఆ ముప్పై నాలుగేళ్ళలో, వేస్తున్న రోడ్డు మీద ఒక్కసారి కూడా కాలు మోపలేదు. రెండో అంతస్తులో కిటికీ పక్కన, ఫ్యాను సరిగ్గా నెత్తిమీదికి వచ్చే చోట ఆయన బల్ల. రోడ్లూ వంతెనలూ ఫైళ్ళయి ఆ బల్ల మీదికి వచ్చేవి. వాటిని ముందుకు పంపడం తన పని అని ఆయన ఏనాడూ అనుకోలేదు. ఆపడమే తన పని. ఏ కాగితానికి నకలు లేదో, ఏ సంతకం కింద తేదీ లేదో వెతికి పట్టుకుని, అంచున ఎర్రసిరాతో ఒక కొర్రీ రాసి, ఫైలును వచ్చిన దారినే తిప్పి పంపేవాడు. దానికి జవాబు వస్తే ఇంకో కొర్రీ పుట్టేది. ఆఫీసంతా ఆయన్ని కొర్రీల సారు అనేది. అది తిట్టని ఆయనకి తెలియలేదు. బిరుదనుకున్నాడు.

మా అక్క ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరయింది. బావ ఒక ఫైలు మీద నెల రోజులు కూర్చున్న కాలంలో అక్క చేతుల మీదుగా ఒక బడికి సరిపడా పిల్లలు పుట్టి ఉంటారు. అయినా ఇంట్లో ఆమె మాటకి విలువ లేదు. తువ్వాలు మడత పెట్టడం దగ్గరనుంచి చెప్పులు విడిచే దిక్కు దాకా ప్రతిదానికీ బావ దగ్గర ఒక అభ్యంతరం తయారుగా ఉండేది. అక్క వినేది, తన పని తాను చేసుకుపోయేది. ఆసుపత్రిలో నొప్పులు పడేవాళ్ళ కేకలు ముప్పై ఏళ్ళు విన్న మనిషికి ఈయన సణుగుడు ఒక లెక్కా?

ఇక నేను. గడియారాలు బాగుచేసేవాణ్ణి. చూపు మందగించి కొట్టు మూసేశాను. పెళ్ళి చేసుకోలేదు. అక్కావాళ్ళ వీధిలోనే ఒక గదిలో ఉంటాను. నలభై ఏళ్ళుగా బావ ఏమంటే దానికి తల ఊపడం నా ఉద్యోగం. నా గురించి ఇంతకంటే గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

అక్క రిటైరైన రోజున బావ, ఏం కావాలో కోరుకోమన్నాడు, వరాలిచ్చే దేవుడిలాగా. సముద్రం ఒడ్డున పోయే రోడ్డు మీద, ఆ రోడ్డు అయిపోయే దాకా కారులో వెళ్ళాలని ఉందని చెప్పింది. చివర్లో ఒక లైట్‌హౌస్ ఉందట, అక్కడితో నేల ఆగిపోతుందట. కారు అప్పటికే ఉంది. అక్క సొంత డబ్బుతో కొన్నదే. తోలేది మాత్రం బావ.

అక్కకి కారు తోలడం వచ్చు. నలభయ్యో ఏట ఆసుపత్రి అంబులెన్సు డ్రైవరు దగ్గర నేర్చుకుంది, లైసెన్సు కూడా తీసుకుంది. ఆ లైసెన్సు బీరువాలో చీరల కిందే ఉండిపోయింది. తాను పక్కన కూర్చుని ఆడమనిషి తోలితే చూసినవాళ్ళు ఏమనుకుంటారని బావ బెంగ. అరవై దాటాక తానే డ్రైవింగు స్కూల్లో చేరాడు. పాపం, ఆ మాస్టారికి మూడు వారాల్లో బీపీ మందులు మొదలయ్యాయి. లైసెన్సు నాలుగో ప్రయత్నంలో వచ్చింది, అదీ పరీక్ష పెట్టిన అధికారి మీద మూడు అర్జీలు పెట్టాక. ఇక ఈ మనిషి మళ్ళీ తన కళ్ళబడకుండా ఉంటే చాలని ఆయన ఇచ్చేసి ఉంటాడు.

ప్రయాణానికి బావ పన్నెండు పేజీల ప్రణాళిక రాశాడు. ఏ రోజు ఎన్నింటికి బయల్దేరాలి, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలి, ఎవరు ఏ సంచి మొయ్యాలి. అందులో నా పేరు పక్కన ఒకే ఒక్క పని రాసి ఉంది: కారు వెనక్కి తీసేటప్పుడు దిగి చెయ్యి ఊపడం. ఆయనకి వెనక్కి తియ్యడం రాదు. అద్దంలో చూస్తే ఏది ముందో ఏది వెనకో మరిచిపోతాడు. అందుకని మొగుడూ పెళ్ళాల విహారయాత్రకి వెనక సీట్లో సామానుతో పాటు నేనూ బయల్దేరాను.

రోడ్డు బాగుంటుంది. ఎడమవైపు సముద్రం, కుడివైపు ఉప్పు మడులు, వాటి వెనక సరుగుడు తోటలు. మధ్యమధ్య కొబ్బరిచెట్లు గాలికి ఒకే పక్కకి వాలి ఉంటాయి. అక్క అద్దం దించి గాలికి మొహం పెట్టింది. ఏసీ వృథా అవుతుందని బావ అద్దం ఎత్తించాడు. ఆయన చూపు సముద్రం మీద లేదు. గుంటల మీద ఉంది. ప్రతి గుంటకీ, ఇది ఏ సంవత్సరపు టెండరో, దాని మీద తానేం రాశాడో చెప్పుకుంటూ పోయాడు. వెనకనుంచి లారీలు హారన్ మోగిస్తుంటే రోడ్డు మధ్యలో ఎద్దుబండి వేగంతో తోలుతూ, హారన్ మోగించడం మీద ఉన్న నిబంధన చెప్పాడు. లారీవాళ్ళు పక్కనుంచి దాటుతూ చెప్పినవి నేనిక్కడ రాయలేను.

మొదటి రాత్రి దిగిన లాడ్జిలో ఫిర్యాదుల పుస్తకం అడిగి తెప్పించుకుని, మూడు పేజీలు నింపి, పుస్తకానికి పేజీ నంబర్లు లేవని నాలుగో ఫిర్యాదు రాశాడు. రెండో రోజు చేసిన పని మాత్రం అంత నవ్వుకునేది కాదు.

దారిలో ఒక టీకొట్టు దగ్గర ఆగాం. ఒక ముసలామె, నాలుగు కర్రలు పాతి పైన టార్పాలిన్ కట్టుకుంది. టీ బాగుంది. బావ గ్లాసు చేత్తో పట్టుకుని చుట్టూ తిరిగి, కర్రకీ రోడ్డుకీ మధ్య దూరం అడుగులేసి కొలిచాడు. తాను రోడ్ల శాఖ ఇంజనీరునని చెప్పాడు. ఇంజనీరు! స్కేలు పెట్టి గీత గీయడం కూడా రాని మనిషి. కొట్టు రోడ్డు హద్దులోకి వచ్చిందని, తాను తలుచుకుంటే రేపే పీకించగలనని ఆమెతో అన్నాడు. ఆమె గరిటె పక్కన పెట్టేసింది. టీకి డబ్బులు వద్దంది. బావ సరేనన్నాడు. తనకి న్యాయంగా రావలసినదేదో అందుకున్నట్టు మూతి తుడుచుకుని వెళ్ళి కారులో కూర్చున్నాడు.

అక్క కారు దిగి వెనక్కి వెళ్ళింది. డబ్బులిచ్చి, ఆమె భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. తిరిగొచ్చాక, ఏం చెప్పావని బావ అడిగాడు.

“మీరు ఇంజనీరు కాదని చెప్పాను,” అంది అక్క.

బావ పది కిలోమీటర్లు మాట్లాడలేదు. ఆ ప్రయాణంలో నాకు బాగా నచ్చిన పది కిలోమీటర్లు అవే.

మూడో రోజు మధ్యాహ్నం నది సముద్రంలో కలిసే చోటికి చేరాం. అక్కడ రోడ్డు నీళ్ళ దగ్గర ఆగిపోయి, అవతలి ఒడ్డున మళ్ళీ మొదలవుతుంది. మధ్యలో నీళ్ళలో పదకొండు సిమెంటు స్తంభాలు నిలబడి ఉన్నాయి. వాటి మీద ఏమీ లేదు. ఒక్కో స్తంభం మీదా ఒక్కో కొంగ కూర్చుంది. మనుషుల్నీ బళ్ళనీ దాటించేది ఒక పంటు. రెండు పెద్ద పడవల మీద బల్లలు పరిచి బిగించి, ఇంజను పెట్టింది. కారు దాని మీదికి ఎక్కాలంటే రెండు చెక్కల మీదుగా పోవాలి. బావ మూడుసార్లు ప్రయత్నించాడు. మూడుసార్లూ చక్రం చెక్క మీదనుంచి జారి బురదలో పడింది. నేను వెనక నిలబడి చెయ్యి ఊపుతూనే ఉన్నాను. ఈలోగా ఆటు వచ్చి నీళ్ళు తీశాయి. మళ్ళీ పోటు వస్తే గానీ పంటు కదలదన్నారు. రెండు గంటలు ఆగాలి.

పంటు నడిపే సరంగుకి యాభై ఏళ్ళుంటాయి. బక్కపల్చని మనిషి, మాట నెమ్మది. ఎండగా ఉందని మమ్మల్ని తన పాకలో కూర్చోబెట్టి, కొబ్బరిబోండాలు కొట్టి ఇచ్చాడు. అక్క ఆ స్తంభాల గురించి అడిగింది. ఇరవై ఏళ్ళ కిందట వంతెన మొదలుపెట్టారని, స్తంభాలు లేచాక పని ఆగిపోయిందని చెప్పాడు. పెద్దాఫీసులో ఎవరో కాగితాలు పట్టుకుని కదలనివ్వలేదట. కాంట్రాక్టరు తిరిగి తిరిగి విసిగిపోయి సామాను సర్దుకుని పోయాడట. తర్వాత ఎవరూ రాలేదు.

వేరేవాడైతే అక్కడ నోరు మూసుకుని బోండాం తాగేవాడు. సిగ్గుతో కాకపోయినా భయంతో. మా బావ కుర్చీలో నిటారుగా జరిగి కూర్చున్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

ఆ ఫైలు తన బల్ల మీదే రెండేళ్ళు ఉందని చెప్పాడు. మట్టి పరీక్ష రిపోర్టు మీద సంతకం ఉంది గానీ సంతకం కింద హోదా ముద్ర లేదట. అందరి కళ్ళూ కప్పి వచ్చిన ఆ కాగితం తన కళ్ళు కప్పలేకపోయిందట. మొత్తం ఇరవై రెండు కొర్రీలు పెట్టాడు. శాఖ చరిత్రలో ఒకే ఫైలు మీద అన్ని పెట్టినవాడు ఇంకొకడు లేడు. ఇదంతా ఆ సరంగుకి, పాక బయట నిలబడ్డ నలుగురైదుగురు చేపలవాళ్ళకి, వేళ్ళు మడిచి చెప్పాడు. వాళ్ళు మెచ్చుకుంటారని ఎదురుచూశాడు.

సరంగు బోండాలు కొట్టిన కత్తి తీసి పక్కన పెట్టాడు. తర్వాత అక్కతో మాట్లాడాడు, బావతో కాదు.

“ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉందమ్మా. నా కొడుకు ఈ పంటు మీదే పుట్టాడు. వాళ్ళమ్మ అవతలి ఒడ్డు చూడలేదు.”

రక్తం పోయిందా అని అక్క అడిగింది. అవునన్నాడు. నీళ్ళు తీసి ఉన్నాయని, పోటు కోసం ఆగాల్సి వచ్చిందని చెప్పాడు. ఎంతసేపు అని అడిగింది. ఇప్పుడు మీరు ఆగినంతసేపే అన్నాడు. అక్క కళ్ళు మూసుకుంది. ఆ రెండు గంటల్లో ఏం జరిగి ఉంటుందో ఆ పాకలో ఆమెకొక్కదానికే నిమిషాలతో సహా తెలుసు.

బావ గొంతు సవరించుకున్నాడు. ఆ క్షణంలో కూడా ఆయన మనిషై ఉంటే, పోనీ మనిషిలా నటించి ఉంటే, నేనీ కథ ఇలా రాసేవాణ్ణి కాదు.

“ఆ విషయం ఫైల్లో ఎవరూ పెట్టలేదే,” అన్నాడు. “అలాంటి ఇబ్బంది ఉన్నప్పుడు రాతపూర్వకంగా పెట్టుకోవాలి. పెట్టుకుంటే పరిశీలించేవాళ్ళం.”

చేపలవాళ్ళలో ఒకడు ముందుకొచ్చాడు. సరంగు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. పోటు వచ్చింది, పంటు కొద్దిగా ఊగడం మొదలుపెట్టింది. అతను లేచి, పంచె దులుపుకుని, బావ దగ్గరికి వచ్చాడు.

“అమ్మగారు రావచ్చు. కారూ రావచ్చు. మిమ్మల్ని నా పంటు ఎక్కించుకోను.”

బావ నవ్వాడు. అది వేళాకోళమనుకున్నాడు. కాదని అర్థమయ్యాక నిబంధనలు మొదలుపెట్టాడు. ప్రజారవాణా, వివక్ష, లైసెన్సు షరతులు. సరంగు వినలేదు, పంటు దగ్గరికి వెళ్ళి తాడు విప్పుతున్నాడు. అప్పుడు బావ అక్కవైపు తిరిగి, పద, వెనక్కి పోదాం, పై అధికారులకి రాస్తాను అన్నాడు.

అక్క చెయ్యి చాపింది.

“తాళాలు ఇలా ఇవ్వండి.”

“ఏమిటే, నువ్వు తోలతావా? చెక్కల మీద?”

“ఇవ్వండి. పోటు ఆగదు.”

ఎందుకిచ్చాడో ఆయనకీ తెలియదనుకుంటాను. ఆసుపత్రిలో అక్క హెడ్ నర్సు గొంతు విని డాక్టర్లే చేతులు కడుక్కునేవారు. అది ఇంట్లో ఆమె ఎప్పుడూ వాడలేదు, అంతే. అక్క ఆయన సంచీ, నా సంచీ కారులోంచి దింపి ఇసుక మీద పెట్టింది. ఆయన మాత్రల డబ్బా నా చేతికిచ్చింది. బావకి ఒంటరిగా బస్సెక్కడం చేతకాదు, నువ్వు తోడుండి ఇంటికి తీసుకుపో అని నాతో చెప్పింది. నేనూ వస్తానక్కా అని అనవలసింది. అనలేదు. తల ఊపాను.

కారు ఒక్కసారికే ఎక్కింది. చక్రాలు చెక్కల మీదనుంచి వెంట్రుకవాసి కూడా పక్కకి జరగలేదు. చేపలవాళ్ళు ఈల వేశారు. పంటు ఆ పదకొండు స్తంభాల పక్కనుంచే వెళ్ళింది, కొంగలు లేచి మళ్ళీ కూర్చున్నాయి. అక్క కారు దిగి పంటు అంచున నిలబడింది. వెనక్కి చూస్తుందేమోనని చూశాను. ఆమె సరంగుతో మాట్లాడుతోంది.

ఇక మా బస్సు ప్రయాణం. బస్సులు మారుతూ ఇల్లు చేరడానికి ఒకటిన్నర రోజు పట్టింది. బావ ఒక్క మాట బాధపడి అనలేదు. ఆ స్త్రీ గురించి గానీ, బిడ్డ గురించి గానీ ఒక్క మాట లేదు. తనకి కిటికీ సీటు ఇవ్వలేదని కండక్టరుతో గొడవపడ్డాడు. తర్వాత ప్రణాళిక కాగితాల వెనకవైపు ఒక ఫిర్యాదు రాశాడు. పంటుకి లైఫ్ జాకెట్లు లేవు, బల్లలు పుచ్చిపోయాయి, సరంగు తాగి ఉన్నాడు. జాకెట్లు వరుసగా వేలాడదీసి ఉండడం నేను చూశాను. ఆ మనిషి తాగింది మాతో పాటు కొబ్బరినీళ్ళు. ఇదంతా నాకు తెలుసు. బావ కాగితం నా ఒళ్ళో పెట్టి, సాక్షి అని ఉన్నచోట వేలు చూపించాడు. నేను సంతకం పెట్టాను.

బావని అసహ్యించుకోవడం తేలిక. ఆ సంతకం గుర్తొస్తే నన్ను నేను ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అక్క ఆరో రోజు ఇంటికొచ్చింది. మొహం ఎండకి నల్లబడింది, ఏడేళ్ళు చిన్నదైనట్టుంది. ఒకరాత్రి అవతలి ఒడ్డు ఆసుపత్రిలోని నర్సులతో ఉందట, ఒక కాన్పుకి సాయం కూడా చేసిందట. తర్వాత లైట్‌హౌస్ దాకా వెళ్ళి, నేల అయిపోయే చోట కూర్చుని, ఒక పూటంతా సముద్రం చూసిందట. అంతకుమించి చెప్పలేదు. బావ, తనకి జ్వరం వచ్చి మధ్యలో తిరిగొచ్చానని వీధిలో అందరికీ చెప్పుకున్నాడు. అక్క కాదనలేదు. ఆమెకి ఆ విషయం మీద ఆసక్తే లేదు.

నెల తర్వాత సరంగు దగ్గరనుంచి అక్కకి ఫోను వచ్చింది. ఫిర్యాదు వచ్చిందని తనిఖీ కోసం పంటు ఆపేశారు. పది రోజులుగా జనం ఎక్కడో ఎగువన ఉన్న వంతెన మీదుగా చుట్టు తిరిగి పోతున్నారు. ఫిర్యాదు ఎవరిదో అతనికి చెప్పలేదు. అక్కకి చెప్పనక్కర్లేదు.

ఆమె తిన్నగా నా గదికి వచ్చింది. సాక్షివి నువ్వేనా అని అడిగింది. అవునన్నాను. తిడుతుందనుకున్నాను. నా చొక్కా మేకుకి ఉంది, తీసి నా మీదికి విసిరింది.

“తొడుక్కో. వెళ్ళి అబద్ధమని చెబుదువుగాని.”

ఆ రోజంతా ఆమే కారు తోలింది. జలరవాణా ఆఫీసులో అధికారి చాలా చిన్నవాడు. అతని ముందు నిలబడి, నేను చూడనిది చూశానని సంతకం పెట్టానని, మనిషి తాగి లేడని, జాకెట్లు ఉన్నాయని చెప్పాను. ఎందుకు పెట్టారు మరి అన్నాడతను. అరవై ఏళ్ళ మనిషిని, దానికి నా దగ్గర ఉన్న జవాబు నాకే వినడానికి అసహ్యంగా ఉంది. “మా బావ రమ్మంటే వస్తాను, పెట్టమంటే పెడతాను,” అన్నాను. అతను నావైపు చూసిన చూపు న్యాయమైనదే. నా మాట రాసుకుని సంతకం చెయ్యమన్నాడు. ఈసారి చదివి చేశాను. నాలుగో రోజున పంటు మళ్ళీ నడిచింది.

మేం ఇంటికి వచ్చేసరికి బావ, సాక్షి మాట మార్చడం నేరమని ఒక చట్టం పుస్తకం తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. అక్క ఆ పుస్తకం మూసి, పక్కన కూర్చుని, నెమ్మదిగా మాట్లాడింది. ఇంకొక్క కాగితం ఆ పంటు మీద పెడితే తాను ఈ ఇంట్లో ఉండనని చెప్పింది. రాసి ఇవ్వమంటారా అని కూడా అడిగింది. బావ ఇవ్వమనలేదు. మళ్ళీ పెట్టనూ లేదు. దానికి కారణం పశ్చాత్తాపమని ఎవరైనా అనుకుంటే వాళ్ళు ఆయన్ని ఎరగరు. బట్టలు ఎవరు ఉతుకుతారన్నదే ఆయన భయం.

ఇప్పుడు అక్క రెండు నెలలకోసారి కారు తీసుకుని నది దాటి వెళుతుంది. తనతో పాటు రిటైరైన నర్సులిద్దరు వెంట ఉంటారు. అవతలి ఆసుపత్రిలో కొత్త నర్సులకి ఏదో నేర్పుతారు, మిగతా రోజులు తీరం వెంబడి తిరుగుతారు. అద్దాలు దించుకుంటారట. నన్ను రమ్మని ఎప్పుడూ అడగలేదు, అడగాల్సిన పనీ లేదు.

ఆమె లేని వారం రోజులూ బావే వండుకుంటాడు. మధ్యాహ్నం భోజనానికి రమ్మని నాకు కబురు పెడతాడు. ఒంటరిగా తినలేడు, తన మాట వినడానికి ఎదురుగా ఒక తల ఉండాలి. వెళ్ళి కూర్చుంటాను. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగుతాడు. కూరలో ఉప్పు చేతికొచ్చినంత పడి ఉంటుంది. ఎవరిని అనాలా అని ఒకసారి వంటింటివైపు చూస్తాడు. అక్కడ ఎవరూ ఉండరు. మింగుతాడు. నేను మాత్రం నా గదిలో తినేసే వెళతాను.